ఆ చెక్క దిమ్మలు ఎవరి కోసం చేసినవి?

కిందటేడు జూన్‌లో మా చెల్లెలితో కలిసి ఒక బడికి వెళ్ళాను. బడులు తెరిచిన వారం. రోహిణి కార్తె దాటినా ఎండ ఇంకా చల్లారలేదు. చెల్లెలు గుడివాడ నుంచి తొలి బస్సులో వచ్చింది, మా చిన్నాణ్ణి వెంటబెట్టుకుని. వాడికి ఆరేళ్ళు నిండాయి. నడుస్తాడు, నవ్వుతాడు, పాట వినిపిస్తే చాలు ఊగిపోతాడు. మాటలు మాత్రం ఓ పదిహేనో, ఇరవయ్యో. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రాదు. తోటి పిల్లలు రెండు రోజుల్లో నేర్చుకునేది వాడికి రెండు నెలలు పడుతుంది.

ఆ బడి ఆఫీసు గదిలో ఓ అద్దాల బీరువా ఉంది. అందులో గులాబీ రంగు చెక్క దిమ్మలు పెద్దదాని మీద చిన్నది చొప్పున గాలిగోపురంలా పేర్చి ఉన్నాయి. చిన్నాడు అద్దానికి ముక్కు ఆనించి వాటినే చూస్తున్నాడు. ప్రిన్సిపాల్ మేడం ఎంతో మర్యాదగా చెప్పింది. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని, ఇలాంటివాళ్ళకి వేరే బడులుంటాయని, అక్కడైతే వాడికే సుఖమని. ఆ బీరువా ఒక్కసారి తెరిచి ఒక్క దిమ్మ వాడి చేతికివ్వమని అడుగుదామనుకున్నాను. నోరు పెగల్లేదు.

తిరుగు ప్రయాణంలో చెల్లెలు ఒక్క మాటా మాట్లాడలేదు. బస్సు బందరు కాలువ పక్కన వెళ్తున్నంతసేపూ వాడు మాత్రం కిటికీ అద్దం మీద వేలితో చదరాలు గీస్తూనే ఉన్నాడు.

ఆ దిమ్మలు మాంటిస్సోరి పద్ధతివని నాకు తెలుసు. మా విజయవాడ వాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. 1955లో కోటేశ్వరమ్మ గారు ఇక్కడ మాంటిస్సోరి బడి పెట్టారు. ఆ తర్వాత మహిళా కళాశాల వచ్చింది. ఎన్ని వేలమంది ఆడపిల్లలు అక్కడ చదువుకున్నారో! ఆవిడ 2017లో పద్మశ్రీ అందుకుని 2019లో కన్నుమూశారు. నేనైతే చిన్నప్పుడు మాంటిస్సోరి అంటే ఏదో ఊరి పేరనుకునేదాన్ని. అది ఒక ఆడమనిషి పేరని తెలిశాక కూడా ఆవిడెవరో, ఏం చేసిందో ఎప్పుడూ ఆరా తీయలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, వంట అయ్యాక, మావారి పుస్తకాల బీరువాలోంచి, లైబ్రరీలోంచి దొరికినవన్నీ తెచ్చుకుని కూర్చున్నాను. చదువుతున్నకొద్దీ నా కోపం పోయి, దాని చోట ఆశ్చర్యం వచ్చి కూర్చుంది.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో కియరవాలె అనే చిన్న ఊళ్ళో పుట్టింది. నాన్నగారు ప్రభుత్వ ఉద్యోగి. అమ్మ రెనిల్దె ఆ రోజులకి బాగా చదువుకున్న మనిషి. పిల్లకి అయిదేళ్ళప్పుడు కుటుంబం రోముకి మారింది. ఆడపిల్ల చదివితే పంతులమ్మ కావాలని నాన్న కోరిక. పిల్ల మాత్రం పదమూడో ఏట మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరింది. ముందు ఇంజనీరు అవుతానంది. తర్వాత కాదు, డాక్టర్నవుతానంది. నాన్నకి ఇష్టం లేదు. అమ్మ వెనకాల నిలబడింది. ఏ దేశమైతేనేం, ఇలాంటి కథల్లో వెనకాల ఒక అమ్మ ఉంటూనే ఉంటుంది!

వైద్య కళాశాలలో ఆవిడ పడ్డ పాట్లు చదివితే మనసు చివుక్కుమంటుంది. మగ విద్యార్థుల మధ్య ఆడపిల్ల శవాన్ని కోసి చూడటం తగదన్నారు. అందుకని అందరూ వెళ్ళిపోయాక, చీకటి పడ్డ వేళ, ఆ గదిలో ఒక్కతే శవాలతో పాఠం చదువుకోవాల్సి వచ్చింది. అయినా విడిచిపెట్టలేదు. 1896లో పట్టా పుచ్చుకుంది. అప్పటికి ఇటలీలో లేడీ డాక్టర్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదే ఏడు బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా సభకు వెళ్ళి, ఆడవాళ్ళకీ మగవాళ్ళతో సమానంగా కూలి ఇవ్వాలని మాట్లాడి వచ్చింది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. రోము విశ్వవిద్యాలయంలోని మానసిక వైద్యశాలలో పనికి చేరి, రోగుల్ని చూడటానికి పిచ్చాసుపత్రులకి వెళ్ళేది. అక్కడ పెద్దవాళ్ళతోపాటు పిల్లలూ ఉండేవారు. వాళ్ళకి పిచ్చి లేదు. బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలు, అంతే. బడి రానివ్వలేదు, ఇల్లు ఉంచుకోలేదు. వేరే చోటు లేక అక్కడ పడేశారు. ఒక ఖాళీ గది, నాలుగు గోడలు, ఆడుకోవడానికి ఒక పుల్లముక్క కూడా లేదు. భోజనాలయ్యాక ఆ పిల్లలు నేల మీద పడ్డ రొట్టె ముక్కల కోసం ఎగబడుతున్నారని, ఎంత తిండిపోతులో చూడమని కాపలా మనిషి ఈసడించుకుందట. మరియా చూసింది. వాళ్ళు ఆ ముక్కల్ని వెంటనే తినడం లేదు. వేళ్ళతో నలుపుతున్నారు, ఉండలు చేస్తున్నారు, తిప్పి చూస్తున్నారు. ఆకలి కడుపుది కాదు, చేతులది! పట్టుకుని చూడటానికి ఆ గదిలో అవి తప్ప మరో వస్తువు లేదు మరి.

ఈ సంగతి చదివినప్పుడు నాకు కిటికీ మీద చదరాలు గీస్తున్న చిన్నాడి వేలు గుర్తొచ్చింది. పుస్తకం మూసి కాసేపు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అలాంటి పిల్లల కోసం అంతకుముందు ఎవరైనా ఏమైనా చేశారా అని ఆవిడ వెతికింది. ఫ్రాన్సులో ఇటార్ అనే డాక్టరు అడవిలో దొరికిన ఒక పిల్లవాడికి ఏళ్ళ తరబడి చదువు నేర్పడానికి ప్రయత్నించాడు. ఆయన శిష్యుడు సెగ్యాన్ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి చేతులతో, కళ్ళతో, స్పర్శతో నేర్పే సామాను తయారుచేశాడు. ఆ పుస్తకాలు జనం మరిచిపోయారు. మరియా వాటిని ఇటాలియన్‌లోకి మార్చుకుంటూ మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో రాసుకుంది. ఒక్కో మాట అర్థం నిలవాలని అలా చేసింది. 1898లో టూరిన్‌లో జరిగిన ఉపాధ్యాయుల మహాసభలో నిలబడి, ఈ పిల్లలకి కావలసింది మందులకన్నా ఎక్కువగా సరైన చదువని చెప్పింది. ఒక డాక్టరు ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

1900లో రోములో ఇలాంటి పిల్లలకి నేర్పే ఉపాధ్యాయుల కోసం ఒక శిక్షణాలయం పెట్టారు. దాన్ని నడిపింది ఇద్దరు డాక్టర్లు. ఒకరు మరియా, రెండోవారు జుసెప్పె మాంటెసానో. మరియా పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఏడింటిదాకా పిల్లల దగ్గరే ఉండేది. రాత్రి ఇంటికెళ్ళి ఆ రోజు ఎవరికి ఏది వచ్చిందో, ఏది రాలేదో రాసుకునేది. తాళ్ళు కట్టడం, బొత్తాలు పెట్టడం నేర్పే చట్రాలు, పెద్దా చిన్నా తెలిపే దిమ్మలు, వేలు ఆనించి దిద్దే చెక్క అక్షరాలు... అద్దాల బీరువాల్లో ఇవాళ మనం చూసే సామానుకి వేళ్ళు ఇక్కడున్నాయి. అవి మొదట పుట్టింది ఏ బడీ చేర్చుకోని పిల్లల కోసం!

వాళ్ళలో కొందరు చదవడం, రాయడం నేర్చుకుని మామూలు పిల్లలతోపాటు ప్రభుత్వ పరీక్షకి కూర్చుని నెగ్గారు. జనం అద్భుతమన్నారు. ఆవిడ మాత్రం ఇంకోలా ఆలోచించింది. వీళ్ళు ఇంత చేయగలిగితే, ఏ లోపమూ లేని పిల్లలు మామూలు బడుల్లో ఇంతకన్నా పైకి ఎందుకు రావడం లేదు అని. 1907 జనవరి 6న రోములో శాన్ లొరెంజో అనే పేదల పేటలో పిల్లల ఇల్లు తెరవడానికి దారి తీసింది ఆ ప్రశ్నే. పగలంతా పనికి పోయే తల్లిదండ్రుల పిల్లలు యాభైమంది పైచిలుకు. చెక్క అక్షరాలు చేయించడానికి డబ్బు లేకపోతే, వడ్రంగులు వాడే గరుకు కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి అట్టలకి అంటించారు. మనం అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దిస్తామే, అలాంటిదే. కాకపోతే మనం ఆ ఒక్క రోజుతో ఆపేసి పలక చేతికిస్తాం.

ఆ ఇంటితో ఆవిడ పేరు ప్రపంచమంతా మారుమోగింది. అమెరికా, స్పెయిన్, ఇంగ్లండ్, హాలండ్... దేశదేశాల్లో బడులు. తర్వాత రోజుల్లో వాళ్ళ దేశపు వెయ్యి లీరాల నోటు మీద ఆవిడ బొమ్మ కూడా వేశారు. అయితే ఇక్కడ నాకొక నొచ్చుకోలు ఉంది. దాచుకోకుండా చెప్తాను. 1901లో ఆ మొదటి శిక్షణాలయాన్ని విడిచిపెట్టాక ఆవిడ దృష్టి దాదాపు పూర్తిగా మామూలు పిల్లల వైపు మళ్ళింది. ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ పిల్లలు కథలోంచి జారిపోయారు. లోకం కూడా పేదల పేటలో పుట్టిన చదువుని తీసుకెళ్ళి ఎక్కువ ఫీజులు కట్టగలిగేవాళ్ళ గడప లోపల పెట్టింది.

ఆవిడ ఆ శిక్షణాలయాన్ని ఎందుకు విడిచిందో తెలిశాక మాత్రం తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు.

మాంటెసానోకీ ఆవిడకీ మధ్య ప్రేమ ఉండేది. 1898 మార్చి 31న వాళ్ళకి ఒక కొడుకు పుట్టాడు. పేరు మారియో. పెళ్ళి కాలేదు. పెళ్ళి చేసుకుంటే ఆ రోజుల్లో ఆడడాక్టరు వృత్తి మానుకుని ఇంట్లో కూర్చోవాల్సిందే. చేసుకోకుండా బిడ్డ ఉందని తెలిస్తే పరువు, పని, చదువు అన్నీ ఒక్క పూటలో పోతాయి. బిడ్డని రహస్యంగా పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించారు. అప్పుడప్పుడూ వెళ్ళి చూసేది, తల్లినని మాత్రం చెప్పుకోలేకపోయింది. 1901లో మాంటెసానో మరొకామెని పెళ్ళి చేసుకున్నాడు. అతనితో కలిసి ఒకే చోట పనిచేయడం ఏ మనిషికి సాధ్యం?

ఆలోచించండి. ఊరందరి పిల్లల కోసం సభల్లో మాట్లాడిన మనిషి తన బిడ్డని దాచుకోవలసి వచ్చింది. పిచ్చాసుపత్రిలో ఆ పిల్లల్ని దాచింది లోకం. మారియోని దాచింది కూడా ఆ లోకమే. ఆవిడ చేసింది ఒప్పని నేను అనను. మన వీధుల్లో అలాంటి పిల్లకి అప్పుడు కాదు కదా, ఇప్పుడైనా మనం ఏపాటి చోటిస్తామో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకోవాలి.

1912 డిసెంబరులో ఆవిడ తల్లి పోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, పదిహేనేళ్ళ మారియో తల్లి దగ్గరకొచ్చేశాడు.  కానీ బయటి వాళ్ళకి ఏళ్ళ తరబడి అతను మేనల్లుడు, పెంచుకున్న కుర్రాడు.

ఆ తల్లీకొడుకుల కథకి ముగింపు దొరికింది ఎక్కడో కాదు, మన మద్రాసులో! అప్పటికి మన బెజవాడ కూడా మద్రాసు రాజధానిలోదే. ముస్సోలినీతో పడక ఆవిడ ఇటలీ విడిచింది. 1936లో అంతర్యుద్ధం మొదలై స్పెయిన్ విడిచింది. 1939లో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, దివ్యజ్ఞాన సమాజం వారు అరండేల్, రుక్మిణీదేవి దంపతులు పిలిస్తే విమానమెక్కి మన దేశానికొచ్చింది. అడయారులో తాటాకు పాకల్లో శిక్షణ మొదలైంది. దేశం నలుమూలల నుంచీ మూడు వందల మంది దాకా వచ్చారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆవిడ ఇటాలియన్‌లో చెబుతుంటే మారియో పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పేవాడు. దాచిన కొడుకే చివరికి ఆవిడకి గొంతయ్యాడు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇటలీ వాళ్ళంతా శత్రువులైపోయారు. మారియోని తీసుకెళ్ళి అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. ముసలావిడని అడయారు ఆవరణ దాటొద్దన్నారు. సరిగ్గా ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజుకి, ఆగస్టు 31న, కొడుకుని విడిచిపెట్టారు. వైస్రాయి దగ్గర నుంచి వచ్చిన తంతిలో మారియోని మేనల్లుడనలేదు, కొడుకు అన్నారట. నలభై రెండేళ్ళ తర్వాత, పరాయి దేశంలో, పరాయి ప్రభుత్వం కాగితం మీద ఆ మాట! ఆ తంతి చేతిలో పట్టుకుని ఆవిడ ఏమనుకుందో ఊహించుకోవడం మనలాంటి తల్లులకి కష్టమేం కాదు.

యుద్ధకాలమంతా ఆవిడ అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ పాఠాలు చెబుతూనే ఉంది. 1946లో యూరప్ వెళ్ళి, మళ్ళీ 1947లో వచ్చి రెండేళ్ళుంది. మొత్తం మీద వెయ్యిమందికి పైగా మన దేశపు ఉపాధ్యాయులు ఆవిడ దగ్గర నేర్చుకున్నారు. 1952 మే 6న హాలండ్‌లో, సముద్రం ఒడ్డున ఉన్న నోర్డ్‌వైక్ అనే ఊళ్ళో కన్నుమూసింది. వీలునామాలో మారియోని తన కొడుకుగానే రాసింది.

ఇదంతా ఓ రాత్రి ఫోన్లో చెల్లెలికి చెప్పాను. చాలాసేపు పలకలేదు. తర్వాత ఆ కొడుకు తల్లిని క్షమించాడా అని అడిగింది. అది నాకెలా తెలుస్తుంది? ఆవిడ పోయేదాకా పక్కనే ఉన్నాడని, పోయాక తన బతుకంతా ఆవిడ పనే చేశాడని మాత్రం చెప్పాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు చిన్నాణ్ణి పక్కింట్లో దిగబెట్టి వెళ్తున్నారట, మూడేళ్ళుగా. నలుగురిలో ఎందుకమ్మా అని అత్తగారు అన్నారట. ఆవిడ చెడ్డ మనిషి కాదు. వాణ్ణి ఎవరైనా ఏమైనా అంటే తట్టుకోలేని మనిషి. ఆ ప్రేమ కూడా చివరికి దాచిపెట్టడానికే దారి తీసింది చూశారా!

ఈ కాలంలో మనకి ఆవిడకి లేని ఆసరాలు కొన్ని ఉన్నాయి. 1984లో సికింద్రాబాద్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ పెట్టారు. 2016 నాటి చట్టం ప్రకారం, నలభై శాతం అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి దగ్గర్లోని బడిలో గానీ, కోరుకుంటే ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. ప్రభుత్వ సాయం, గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఇవేవీ ఆ రోజు ఆఫీసు గదిలో నాకు తెలియవు. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, ఏం లాభం? తెలిసుంటే నోరు పెగిలేదేమో. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీ వీధిలో అలాంటి తల్లి ఉంటే ఈ నాలుగు ముక్కలు చెప్పండి.

చిన్నాడిప్పుడు వాళ్ళ ఊళ్ళో ప్రభుత్వ బడికి వెళ్తున్నాడు. వారంలో రెండు రోజులు భవిత కేంద్రానికి. అద్దాల బీరువా మనకెందుకని, మా ఇంటికొచ్చినప్పుడు స్టీలు డబ్బాల సెట్టు కింద పెట్టాను. పెద్దది, దాని మీద చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. పప్పులూ పోపు దినుసులూ వేరే పోసుకోవాల్సొచ్చిందనుకోండి. మొదటి రోజు అన్నీ దడదడా పడేశాడు. ఆరోసారి వచ్చేసరికి ఏడు డబ్బాలు నిలబెట్టాడు. వాళ్ళ నాయనమ్మ పాత చొక్కా ముందు భాగాలు రెండూ కోసి పీటకి మేకులతో బిగించింది. దాని మీద బొత్తాలు పెట్టడం, తీయడం. పీట ముందు వాడూ ఆవిడా సాయంత్రాలు గంటల తరబడి కూర్చుంటారట.

మొన్న మాఘమాసంలో పామర్రులో మా పెదనాన్న గారి మనవరాలి పెళ్ళి. చెల్లెలు వాణ్ణి పక్కింట్లో దిగబెట్టలేదు. అత్తగారే వాడి చెయ్యి పట్టుకుని బస్సు దిగారు. సన్నాయి మొదలవగానే వాడు మండపం ముందుకెళ్ళి ఊగడం మొదలుపెట్టాడు. కొందరు చూశారు. చూసి ఊరుకున్నారు. వాడి ఒంటి మీద కొత్త చొక్కా. బొత్తాలన్నీ వాడే పెట్టుకున్నాడు. పైది ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు. చెల్లెలు సరిచేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.